శ్రద్ధాంజలి బొమ్మలో ఏముండాలి

ముప్పై ఏళ్లకు రెండు మూడు తక్కువగా నేను చేసిన పని ఒక్కటే, చనిపోయినవాళ్ల బొమ్మలు చేయడం. మొదట చిత్తూరులో ఒక ఫోటో స్టూడియోలో, తర్వాత తిరుపతిలో సొంతంగా పెట్టుకున్న చిన్న షాపులో. పెద్దకర్మకు ముందు వీధి మొదట్లో కట్టే ఫ్లెక్సు, గోడకు తగిలించే పటం, ఈ మధ్య ఫోన్లలో పెట్టుకునే స్టేటస్ బొమ్మ, అన్నీ చేశాను. పోయినేడాది రెండు కళ్లకూ ఆపరేషన్ అయింది. రంగుల్లో చిన్న తేడాలు కనిపెట్టలేకపోతున్నానని అర్థమయ్యాక మానేశాను.

పెళ్లి పత్రికలూ పుట్టినరోజు బ్యానర్లూ చేసే షాపుల్లోనే ఈ పనీ జరుగుతుంది కాబట్టి దీన్నెవరూ వేరే పనిగా లెక్కపెట్టరు. నేర్పేవాళ్లూ లేరు. ఇప్పుడు చాలామంది పిల్లలు ఈ పనిలోకి వస్తున్నారు, వాళ్ల కోసం రాస్తున్నాను. ఏ సాఫ్ట్‌వేర్ వాడాలో చెప్పను. అది రెండేళ్లకోసారి మారుతుంది, మీకు నాకంటే బాగా తెలుసు.

బొమ్మలో వీలైనంత తక్కువ ఉంచే పద్ధతికి మినిమలిజం అనే పేరుందని డిజైన్ చదువుతున్న ఒకమ్మాయి నా షాపుకొచ్చి చెప్పింది. "మీరు చేసేది అదే మేడమ్" అంది. కావచ్చు. కానీ నేనది ఏ పుస్తకంలోనూ చూసి నేర్చుకోలేదు. ఇంట్లో మనిషిని పోగొట్టుకున్నవాళ్లు నా వెనక కుర్చీలో కూర్చుని, ఇది వద్దు, అది వద్దు అంటూ నేర్పారు. ఆ కష్టంలో కూడా నాకు పాఠం చెప్పే ఓపిక వాళ్లకు ఉండేది. అది తలచుకుంటే ఇప్పటికీ దండం పెట్టాలనిపిస్తుంది.

మునిరత్నం గారు

నా యజమాని మునిరత్నం గారు. చిత్తూరులో బజారువీధి పక్క సందులో ఆయన స్టూడియో ఉండేది. ఫిలిం కెమెరాల కాలం మనిషి. నెగెటివ్‌ను దీపం ముందు పెట్టి, సూదిలా చెక్కిన పెన్సిలుతో ముఖాల మీది మచ్చలు దిద్దేవారు. మా నాయన తిరుచానూరులో బడిపంతులు. నేను డిగ్రీ చదివి, కంప్యూటర్ కోర్సు చేసి, పెళ్లయి చిత్తూరు వచ్చాను. స్టూడియోలో కొత్తగా కంప్యూటర్ పెట్టారని, దాని ముందు కూర్చునే మనిషి కావాలని విని వెళ్లాను.

ఆయన మంచి గురువు. మంచి యజమాని అని మాత్రం చెప్పలేను. పని బాగుంటే ఒక్క మాట అనరు, బాగాలేకపోతే సందు మొదట్లో టీ తాగేవాళ్లకు కూడా వినపడేలా అంటారు. రెండుసార్లు ఏడ్చుకుంటూ ఇంటికి వెళ్లాను. కంప్యూటర్ అంటే ఆయనకు మొదటినుంచీ అనుమానం. "దీంట్లో చెరిపేది శానా సులభంగా ఉండాది. సులభంగా అయ్యే పనిని భయపడి చెయ్యాల" అనేవారు. చాదస్తం అనుకునేదాన్ని.

ఆయనకొక అలవాటు ఉండేది. ఎవరైనా పోయినవాళ్ల ఫోటో తెస్తే వెంటనే దాన్ని చేతిలోకి తీసుకునేవారు కాదు. వచ్చినవాళ్లను కూర్చోబెట్టి, మంచినీళ్లిచ్చి, "ఎట్లాంటి మనిషి?" అని అడిగేవారు. వాళ్లు చెప్పినంతసేపూ వినేవారు. బయట పాస్‌పోర్టు ఫోటోలకు జనం నిలబడి ఉన్నా సరే. పది నిమిషాల్లో అయ్యే పనికి ఈయన గంట చేస్తాడేమిటని నేను లోపల విసుక్కునేదాన్ని.

కోటు

ఫ్లెక్సులు వచ్చిన కొత్తలో నేను చేసిన బొమ్మలు తలచుకుంటే ఇప్పుడు సిగ్గుగా ఉంటుంది. అప్పుడు మాత్రం చిత్తూరులో నాకంటే బాగా చేసేవాళ్లు లేరనుకునేదాన్ని. నీలాకాశం, మేఘాలు, తల వెనక సూర్యకిరణాలు, ఎడమవైపు గోపురం, కుడివైపు వెలుగుతున్న దీపం, కింద తామరపూలు, పైన రెండు హంసలు. నాలుగు రకాల అక్షరాలు. పై వరుసలో ఊరి నాయకుల ఫోటోలు, కింది వరుసలో బంధువుల పేర్లు. ఖాళీ కనిపిస్తే అక్కడ ఒక పువ్వు పెట్టేదాన్ని. ఖాళీ ఉంటే పని ఎగ్గొట్టినట్టు అనిపించేది.

జయరామయ్య అనే రైతు చనిపోయాడు. చిత్తూరుకు దగ్గర్లోని పల్లె. చెరుకు వేసి, సొంతంగా బెల్లం వండే మనిషి. ఆయన తమ్ముడు ఫోటో తెచ్చిచ్చాడు. బెల్లం గానుగ దగ్గర ఎవరో తీసిన ఫోటో. భుజం మీద తువ్వాలు, చేతుల బనియను, వెనక పొగ. నాకది శ్రద్ధాంజలికి పనికిరాదనిపించింది. తల వరకూ కత్తిరించి, నల్లకోటు, ఎర్ర టై వేసిన ఒంటికి అతికించాను. అప్పట్లో ఎవరు పోయినా కోటు వేసేవాళ్లం. నుదుటి మీద ముడతలు తీసేశాను. పెదవుల చివర్లు రవ్వంత పైకి లేపి నవ్వు తెప్పించాను.

మర్నాడు మధ్యాహ్నం ఆ తమ్ముడు వదినను వెంటబెట్టుకుని వచ్చాడు, అచ్చుకు పంపేముందు చూపించడానికి. ఆమె పేరు కుప్పమ్మ. నా వెనక నిలబడి స్క్రీను వైపు చాలాసేపు చూసింది.

"ఆయన యాడ ఉండాడు మ్మా ఇందులో?" అని అడిగింది.

చూపు ఆనడం లేదేమో అనుకుని వేలుపెట్టి చూపించాను. "ఇదుగో, మధ్యలో."

"అది తలకాయ. నేను మనిషి యాడ అని అడుగుతా ఉండా."

తమ్ముడు అందుకున్నాడు. "కోటు ఎంత బాగుండాదో సూడు వదినా. పెద్దమనిషి మాదిరి ఉండాడు."

"పెద్దమనిషి మాదిరే ఉండాడు నాయనా. మీ అన్న మాదిరి లేడు."

నాకు కోపం వచ్చింది. ఒక రోజంతా కూర్చుని చేశాను. ఏదో అనబోతుండగా మునిరత్నం గారు లోపల్నుంచి వచ్చి ఆమెకు కుర్చీ వేశారు. "వకుళా, ఒక్కొక్కటీ తీసెయ్. ఆయమ్మ చాలు అన్నప్పుడు ఆపు" అన్నారు.

హంసలు తీశాను. ఆమె చాలు అనలేదు. కిరణాలు తీశాను. గోపురం, దీపం, తామరపూలు పోయాయి. నాయకులు పోతున్నప్పుడు తమ్ముడు గట్టిగా ఊపిరి వదిలాడు. ఆకాశం తీస్తే తెల్లటి బోర్డు మీద కోటు వేసుకున్న మనిషి ఒక్కడే మిగిలాడు. ఆమె ఇంకా చూస్తూనే ఉంది. కోటు తీశాను. అసలు ఫోటో కింద దాచి ఉంది, దాన్ని మొత్తం బయటికి తెచ్చాను. తువ్వాలు, బనియను, పొగ, పక్కన సగం కనిపిస్తున్న బెల్లం పెనం. చివరికి నేను తెప్పించిన నవ్వును కూడా తీసేశాను. ముడతలు పడిన నుదురు, చిరాకు ముఖం.

"ఇప్పుడొచ్చినాడు" అంది కుప్పమ్మ.

ఆ తర్వాత ఆమె మాతో కాకుండా ఫోటోతో మాట్లాడుతున్నట్టు చెప్పింది. "ఆ పొద్దు పాకం ముదిరిపోయిందని నా మింద అరిసినాడు. అరిసి, అట్లనే పోయి ఫోటోకి నిలబడినాడు. ఇంగా కోపం పోలేదు సూడు." చెబుతూ నవ్వింది. నవ్వుతూనే కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

ఆ ఫోటో కింద పేరు, ఊరు, అంతే రాశాను. ఆ తమ్ముడికి మాత్రం అది నచ్చలేదు. బంధువుల పేర్లు లేకపోతే ఊళ్లో మాట వస్తుందన్నాడు. పేర్లన్నీ కర్మ కార్డులో వేసిస్తామని మునిరత్నం గారు ఒప్పించారు. ఒప్పుకున్నట్టే వెళ్లి, ఇంకో షాపులో కోటు వేయించుకున్నాడని తర్వాత తెలిసింది. ఊరికి ఒక చివర కోటు జయరామయ్య, ఇంకో చివర తువ్వాలు జయరామయ్య. అందులో తప్పేమీ లేదని ఇప్పుడు అనిపిస్తుంది. అన్న ఊళ్లో గొప్పగా కనబడాలని అతని ఆశ. ఆమెకు కావలసింది వేరు.

ఆ సాయంత్రం మునిరత్నం గారు నన్ను తిట్టలేదు. మరుసటి రోజు ఫోటో తెచ్చినవాళ్లకు మంచినీళ్లు నేనే ఇచ్చాను.

ఎడమవైపు మనిషి

తీసేయడం అలవాటయ్యాక నాకు ఇంకో జబ్బు పట్టుకుంది. అన్నీ తీసేయడమే గొప్ప అనుకోవడం. మునిరత్నం గారు పెద్దవారై స్టూడియో మూసేశాక, మా ఆయనకు తిరుపతి బదిలీ అయింది. నేను అక్కడ షాపు పెట్టుకున్నాను. "ఆమె దగ్గర బొమ్మ శుభ్రంగా ఉంటుంది" అని పేరొచ్చింది. నా జీవితంలో పెద్ద తప్పు ఆ పేరు మోస్తున్నప్పుడే చేశాను.

తిరుపతిలో ఒక చిల్లర అంగడి నడిపే అన్నదమ్ములు ఉండేవారు. అన్న రాఘవులు శెట్టి, తమ్ముడు రాజగోపాల్ శెట్టి. ఇద్దరికీ ఒకటే బట్టతల, ఒకటే రకం కళ్లద్దాలు, ఒకే తానులోంచి కుట్టించిన చొక్కాలు. తమ్ముడు చనిపోయాడు. ఆయన కొడుకు అంగడిలో తీసిన ఫోటో పంపాడు. అందులో అన్నదమ్ములిద్దరూ పక్కపక్కన నిలబడి ఉన్నారు. ఎవరిని తీసుకోవాలో మర్నాడు చెబుతానన్నాడు.

నేను ముందే పని మొదలుపెట్టాను. వెనక గోడ మీద క్యాలెండరు ఉంది, అడ్డంగా ఉందని చెరిపేశాను. పేరు ఎడమవైపు రాయాలనుకున్నాను, ముఖాలు అటు తిరిగి ఉంటే బాగుంటుందని ఫోటోను అద్దంలో కనిపించినట్టు తిప్పాను. తర్వాత వేరే పనుల్లో పడి, తిప్పిన సంగతి మర్చిపోయాను. పొద్దున కొడుకు ఫోన్ చేసి, "ఎడం పక్కన ఉండేది మా నాయన" అన్నాడు. ఎడమవైపు మనిషిని ఉంచి, రెండో మనిషిని తీసేశాను. తెల్లటి బోర్డు, ఒక ముఖం, ఒక పేరు. ఇంట్లోవాళ్లు దుఃఖంలో ఉన్నారు, ఫోన్‌లో చిన్నగా చూసి సరే అన్నారు. అచ్చయి వీధిలో కట్టారు.

మర్నాడు పొద్దున పదింటికి నా షాపు ముందు ఒక పెద్దాయన చెప్పులు విడిచి లోపలికి వచ్చారు. ఆ ముఖం నాకు తెలుసు. ముందురోజు నేను అచ్చుకు పంపిన ముఖం. లేచి నిలబడ్డాను.

"కూర్చో మ్మా" అన్నారు రాఘవులు శెట్టి. "వీధిలో నా బొమ్మ కట్టినారు. నేనింగా ఉండాను."

తప్పయింది అని మాత్రం అన్నట్టున్నాను.

"తప్పేలే. అయితే ఇది కొత్త తప్పేం కాదు. చిన్నప్పట్నుంచీ ఊరంతా నన్ను వాడి పేరుతో, వాణ్ణి నా పేరుతో పిలస్తానే ఉండారు. ఇద్దరమూ పలికేవాళ్లం." అని, "ఇది కడపటి తూరి" అన్నారు.

ఆయన అంత నిదానంగా ఉన్నారని నేను తప్పించుకోలేదు. వాళ్లింటికి వెళ్లాను. ఆయన భార్య, ఫ్లెక్సును విప్పించి వరండాలో చుట్టి పెట్టించి, దాని పక్కనే కూర్చుని ఉంది. పేరు వేరేదైనా, బతికున్న మొగుడి ముఖం కింద శ్రద్ధాంజలి అని రాసి ఉండటం చూసిన మనిషి ఆమె. నేను చేతులు జోడించాను. ఆమె నన్ను కూర్చోమనలేదు. "మా ఇంట్లో ఇప్పుడే ఒకరు పోయినారు. రెండోవాళ్లను కూడా నువ్వు పంపించేస్తివే" అంది. నిలబడి విన్నాను. ఆమె అనాలనుకున్నవన్నీ అన్నాక కళ్లు తుడుచుకుని, "మళ్లా చెయ్యి. ఈసారి ఆయన్ను పక్కన కూర్చోబెట్టుకుని చెయ్యి" అంది. వేరే షాపుకు పోతామంటుందని అనుకున్నాను. అనలేదు.

రాఘవులు శెట్టి నా పక్కన కూర్చుని అసలు ఫోటో చూశారు. "వీడికి ఎడం చెవి వినపడదు. ఎవరు మాట్లాడినా కుడిచెవి ముందుకు పెట్టి వింటాడు. సూడు, కెమెరా పట్టుకున్నోడు ఏమో అంటా ఉంటే ఎట్ల తిరిగినాడో." అది చెప్పాక ఇద్దరూ ఒకేలా ఉన్నారని ఎవరూ అనలేరు. తమ్ముడు తలను కొద్దిగా పక్కకు తిప్పి, ఎవరి మాటో వింటున్నాడు. నేను ఆ ఫోటోను తిప్పినప్పుడు ఆయన వినే చెవిని వినని చెవిగా మార్చాను.

ఆ క్యాలెండరును చెరపకుండా ఉంచి ఉంటే, అంకెలు తిరగబడి కనిపించేవి. తప్పు అక్కడే దొరికేది. శుభ్రం చేస్తున్నానని సాక్ష్యాన్ని చెరిపేశాను. మునిరత్నం గారు భయపడి చెరపమన్నది ఎందుకో నాకు ఆ రోజు తెలిసింది. కొత్తవాళ్లకు ఒకటే చెబుతాను. ముఖాన్ని ఎప్పుడూ తిప్పకండి, ఎంత బాగుంటుందనిపించినా. దేన్నైనా తీసేముందు అది అక్కడ ఎందుకుందో ఇంట్లోవాళ్లను అడగండి.

రాఘవులు శెట్టి ఆ తర్వాత తనకు తెలిసినవాళ్లందరినీ నా దగ్గరికే పంపారు. "ఆయమ్మ ఒక తూరి తప్పు చేసింది, ఇంగ చెయ్యదు" అని చెప్పి పంపేవారట.

మాట్లాడిన బొమ్మ

ఈ మధ్య కంప్యూటర్లు పోయినవాళ్లను కదిలిస్తున్నాయి, మాట్లాడిస్తున్నాయి. దాని గురించి మిమ్మల్ని చాలామంది అడుగుతారు. నేను ఒకసారి చేశాను, అది చెబుతాను.

తిరుపతిలోనే ఒక రిటైరైన లెక్కల మాస్టారు చనిపోయారు. ఏడాది తిరిగి దివసం వచ్చింది. తండ్రి బంధువులతో మాట్లాడుతున్నట్టు వీడియో కావాలన్నాడు కొడుకు. ఆయన పాత వాయిస్ మెసేజీలు ఇచ్చాడు. చేయగలనా అని నాకే కుతూహలం. చేశాను. చాలా బాగా కుదిరింది. "అందరూ వచ్చినారు, సంతోషం. భోంచేసి పోండి" అని ఆయన గొంతుతోనే వినిపించింది.

దివసం రోజు నన్ను కూడా పిలిచారు. హాల్లో టీవీలో పెట్టారు. మాస్టారు మాట్లాడగానే అందరూ టీవీ వైపు తిరిగారు. ఆయన భార్య ముందు వరుసలో ఉంది. ఆమె వెంటనే, ఇంట్లో రోజూ మాట్లాడినట్టే, "మీరు తిన్నారా?" అని అడిగింది. వీడియో అయిపోయి మళ్లీ మొదటికి వచ్చింది. "అందరూ వచ్చినారు, సంతోషం" అన్నాడాయన. ఆమె లేచి లోపలికి వెళ్లిపోయింది.

కొడుకు మంచివాడు, తల్లిని సంతోషపెట్టాలనే చేయించాడు. మర్నాడు వచ్చి ఆ వీడియో తీసేయమన్నాడు, ఇద్దరం కలిసే తీసేశాం. తర్వాత ఎవరడిగినా ఆ పని చేయలేదు. మీరు చేయవద్దని నేను శాసించలేను. ఎదురుగా కూర్చునే మనిషి జవాబిస్తుందని మాత్రం గుర్తుపెట్టుకోండి. బొమ్మ మాట్లాడకుండా ఉంటే ఆమె దాంతో ఏమన్నా చెల్లుతుంది.

చెంగమ్మ చెయ్యి

మానేయడానికి ముందు చేసిన పనుల్లో నాకు బాగా తృప్తినిచ్చినది చెంగమ్మ బొమ్మ.

చెంగమ్మ తిరుచానూరులో అమ్మవారి గుడికి వెళ్లే దారిలో పూలమ్మేది. మొగుడు లేడు. కూతురు మంజులను పూలమీదే పెంచి చదివించింది. మంజుల నాయుడుపేట దగ్గర ఫ్యాక్టరీలో పనిచేస్తోంది. తల్లి గుండెనొప్పితో ఉన్నట్టుండి పోయింది. మేనమామ మునెయ్యతో కలిసి మంజుల నా దగ్గరికి వచ్చింది. మంచినీళ్లిచ్చి, ఫోటో అడిగాను.

"లేదక్కా" అంది.

ఒక్కటి కూడా లేకపోవడం ఈ కాలంలో ఎలా అన్నాను. ఫోన్ తీసి చూపించింది. చాలా ఫోటోలే ఉన్నాయి, దేంట్లోనూ తల్లి లేదు. ఒకదాంట్లో ముఖానికి అరచెయ్యి అడ్డం. ఒకదాంట్లో కొంగు. ఇంకోదాంట్లో వీపు. "ఫోన్ ఎత్తితే సాలు, నన్నెందుకు తీస్తావు, పూలు తియ్యి అనేది." మిగిలింది ఆధార్ కార్డులో ఫోటో. అందులో ఉన్నది ఎవరో ఆ దేవుడికి కూడా తెలియదు.

మునెయ్య దాన్నే పెద్దది చేయమన్నాడు. ప్రయత్నించాను. కొత్త ప్రోగ్రాంలు మసక ముఖాన్ని స్పష్టంగా చేస్తాయి. అలాంటిదొకటి వాడాను. నున్నటి చర్మం, వరుసైన పళ్లు, పెద్ద కళ్లు ఉన్న ఒకావిడ వచ్చింది.

మంజుల చూసి, "ఈమె ఎవరో బాగుండాది. మాయమ్మ కాదు" అంది.

ఏం చేయాలో నాకు తోచలేదు. ఆ రోజు వాళ్లను పంపేసి, అమ్మ పూలమ్మే చోట ఎవరైనా ఎప్పుడైనా ఫోటో తీశారేమో అడగమన్నాను. రెండు రోజులకు మంజుల ఒక ఫోటో పంపింది. ఆ దారిలోని లాడ్జిలో పనిచేసే ఒకాయన, తమ లాడ్జి గురించి ఫోన్లో పెట్టుకోవడానికి వీధిని తీసిన ఫోటో. దాని మూలన చెంగమ్మ పూలగంప. గంప మీదుగా ఆమె చెయ్యి. మోచేతికి పైన ఫోటో అయిపోయింది, మనిషి లేదు. వేళ్ల నుంచి మోచేతి వరకూ మల్లెపూల దండ పట్టి మూర కొలుస్తోంది. ముంజేతి మీద పచ్చబొట్టు, రెండు గాజులు, బొటనవేలికి నారతో పడిన గాట్లు.

ఆ మూలను పెద్దది చేసి మంజులను పిలిపించాను. ఆమె దగ్గరికి వచ్చి చూసింది. తన చెయ్యి చాపి స్క్రీను మీద, తల్లి చేతి పక్కన ఆనించింది. అప్పుడు నాకు దారి దొరికింది. వెనక వీధి, లాడ్జి, గంప తీసేశాను. లేత పసుపు కలిసిన తెలుపు మీద ఆ చెయ్యి, ఆ పూలు మాత్రం ఉంచాను. కింద చిన్నగా చెంగమ్మ అని రాశాను. మోచెయ్యి దాటాక దండ ఇంకొంచెం వేలాడుతోంది. మూర అంటే మోచేతి వరకే కదా, చూడ్డానికి కుదురుగా ఉంటుందని అక్కడికి కత్తిరించబోయాను. ఈసారి అడిగాను.

"ఆడ కోయద్దక్కా" అంది మంజుల. "అమ్మ ఎప్పుడూ మోచెయ్యి దాటించి ఇంగో నాలుగు వేళ్లు ఇచ్చేది. మూరంటే అదే ఆమెకు."

ఉంచాను.

మునెయ్య వచ్చి చూసి మండిపడ్డాడు. "మొకం లేకుండా బ్యానరు కట్టేదేంది పాపా? పదిమంది ఏమనుకుంటారు? దొంగను దాపెట్టినట్టు ఉండాది. మా అక్క ఏం తప్పు చేసిందని మొకం లేకుండా సేస్తివి?"

ఆ మాట నన్ను తాకింది. ఆయన కోపం అక్క మీది ప్రేమే. పేదవాళ్లను ఎవరూ ఎప్పుడూ సరిగ్గా చూడరు, పోయాక కూడా చూపించకపోతే ఎలా అని ఆయన బాధ. నేను వాదించలేదు. ఆధార్ ఫోటోను ఉన్నదున్నట్టు, ఏమీ దిద్దకుండా, ఇంకో బొమ్మగా చేసి రెండూ మంజుల ముందు పెట్టాను. "మీ అమ్మ, నువ్వు చెప్పు" అన్నాను. ఆమె మామ ముఖం చూసింది, నా ముఖం చూసింది. నేల చూపులు చూస్తూ, "చెయ్యి బొమ్మే" అంది. మునెయ్య బయటికి వెళ్లిపోయాడు.

పెద్దకర్మకు ముందురోజు పొద్దున నేను తిరుచానూరు వెళ్లాను. చెంగమ్మ కూర్చునే చోటు పక్క గోడకు ఆ ఫ్లెక్సు కట్టి ఉంది. దారినపోయే యాత్రికులు దాన్ని చూసి, పూలకొట్టు ప్రకటన అనుకుని వెళ్లిపోతున్నారు. మునెయ్య మాటే నిజమేమో, ఇదంతా నా గొప్ప కోసం చేశానేమో అనుకున్నాను.

అంతలో ఒక ముసలి పూలామె గంప నెత్తిన పెట్టుకుని వచ్చింది. ఫ్లెక్సు ముందు ఆగింది. ఆమెకు చదువు రాదని తర్వాత మంజుల చెప్పింది. "ఇది చెంగమ్మ చెయ్యి గదా" అంది. గంప కింద పెట్టి, "సూడు, నాలుగు వేళ్లు జాస్తి. ఇట్ల ఇచ్చి ఇచ్చి మా బేరాలన్నీ చెడగొట్టేది" అని పక్కనున్న ఇంకొకామెతో చెప్పి, ఏడ్చింది. కాసేపటికి ఆ దారిలో పూలమ్మే ఆడవాళ్లు పదిమంది దాకా అక్కడ చేరారు. ఎవరి దండలోంచి వాళ్లు ఒక మూర తెంపి గోడ కింద పెట్టారు. ప్రతి ఒక్కరూ మోచెయ్యి దాటించి కొలిచారు. మంజుల వాళ్ల మధ్య నిలబడి ఉంది. మునెయ్య కొంచెం దూరంగా, రోడ్డుకు అవతల, చేతులు కట్టుకుని చూస్తున్నాడు. నా వైపు చూడలేదు.

ఆ మధ్యాహ్నం నుంచి ఆ బొమ్మ ఎంతోమంది ఫోన్లలో కనిపించింది. ఎవరు పంచారో తెలియదు. చెంగమ్మ దగ్గర ఏనాడో పూలు కొన్నవాళ్లు మంజులకు ఫోన్ చేశారట. ఈ పనిలో నాకు ఇంతకంటే ఏం కావాలి. బొమ్మ ఆలోచన నాదే అని ఎవరైనా అంటే ఒప్పుకోను. ఆ లాడ్జి ఆయన తీశాడు, మంజుల కోయవద్దంది, చెంగమ్మ నాలుగు వేళ్లు ఎక్కువిచ్చింది. నేను పక్కవి తీసేశాను.

నెల తర్వాత ఒక సాయంత్రం మునెయ్య షాపుకు వచ్చాడు. గుమ్మం దగ్గరే నిలబడ్డాడు. రమ్మంటే వచ్చి కూర్చున్నాడు. మంచినీళ్లు తాగాడు. చొక్కా జేబులోంచి ఫోన్ తీసి నా బల్ల మీద పెట్టాడు.

"ఆ చెయ్యి బొమ్మ నా దాంట్లో ఎయ్యి పాపా" అన్నాడు.

"ఆధార్ ఫోటో కూడా ఉంది మునెయ్యన్నా, అది కూడా వెయ్యనా?" అని అడిగాను.

"వద్దులే" అన్నాడు. "మొకం నాకు గుర్తుండాది."